ఇంట్లో అక్వేరియం: చేపల్ని అన్నిటికంటే చివర కొనండి

చాలామంది అక్వేరియం పెట్టాలనుకున్న రోజే ట్యాంకు, గులకరాళ్ళు, చేపలు అన్నీ ఒకేసారి కొనేసి, సాయంత్రానికల్లా నీళ్ళు నింపి చేపల్ని వదిలేస్తారు. నాలుగైదు రోజులు అంతా బాగానే ఉంటుంది. తర్వాత ఒక్కో చేప చనిపోయి పైకి తేలడం మొదలవుతుంది. రెండు మూడుసార్లు ఇలా జరిగాక 'మాకు చేపలు అచ్చిరావు' అనేసి ట్యాంకును అటక ఎక్కిస్తారు. నిజానికి అచ్చిరాకపోవడం ఏమీ లేదు. ఆ నీళ్ళు చేపల కోసం ఇంకా తయారు కాలేదు, అంతే.

ఈ పనిలో వరుస ముఖ్యం. ఏ చేపల్ని పెంచాలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాలి, వాటిని కొనడం మాత్రం అన్నిటికంటే చివర. ఈ రెండింటికీ మధ్య నెలా నెలన్నర గడుస్తుంది. ఆ వ్యవధిని ఓపిగ్గా దాటినవాళ్ళకు తర్వాత పని తేలికే, వారానికి గంట కూడా పట్టదు.

ముందు కాగితం మీద ఎంచుకోండి

షాపులో కనిపించేవన్నీ దాదాపు చేపపిల్లలే. వేలెడంత ఉండి ముద్దొచ్చే చేప పెద్దయ్యాక ఎంతవుతుందో అడిగి తెలుసుకోవాలి. 'షార్క్' అని పేరుపెట్టి అమ్మే పంగాసియస్ పిల్ల నిజానికి నదుల్లో బతికే క్యాట్‌ఫిష్, ఎదిగితే మీటరు దాటగలదు. ఆస్కార్ 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. 'అద్దం శుభ్రంగా ఉంచుతుంది, ఒకటి తీసుకెళ్ళండి' అని అంటగట్టే సక్కర్ ఫిష్, అంటే మామూలు ప్లెకో, 40 సెంటీమీటర్ల దాకా పోతుంది. అది తినే పాచి కంటే వేసే పెంట ఎక్కువ.

గోల్డ్‌ఫిష్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట దాన్నే అడుగుతారు. తోక పొడుగ్గా ఉండే ఫ్యాన్సీ రకాలు 15 నుంచి 20 సెంటీమీటర్లు, మామూలు రకం 30 సెంటీమీటర్ల వరకూ పెరుగుతాయి. చక్కగా చూసుకుంటే పదేళ్ళకు పైగా బతుకుతాయి. బాగా తింటాయి, అంతే బాగా నీళ్ళను పాడుచేస్తాయి, మొక్కల్ని కొరికేస్తాయి, చల్లని నీళ్ళను ఇష్టపడతాయి. గుండ్రటి గాజు బౌల్ వీటి ఇల్లు కానే కాదు. రెండు ఫ్యాన్సీ గోల్డ్‌ఫిష్‌లకైనా 100 లీటర్ల పైన ట్యాంకు కావాలి. అంత చోటు లేకపోతే ఆ ఆలోచన మానుకోవడమే మంచిది.

'గ్యాలనుకు ఒక అంగుళం చేప' అనే లెక్క చాలాచోట్ల వినిపిస్తుంది. దాన్ని నమ్మకండి. అంగుళం పొడవున్న పది టెట్రాలూ, పది అంగుళాల ఆస్కార్ ఒక్కటీ ఆ లెక్క ప్రకారం సమానమే. కానీ పొడవు పది రెట్లయితే ఒళ్ళు దాదాపు వెయ్యి రెట్లవుతుంది, విసర్జించే వ్యర్థమూ దాంతోపాటు వందల రెట్లు పెరుగుతుంది. ఆ లెక్క పనికొచ్చేది వేలెడంత చేపల వరకే, అదీ ఉజ్జాయింపుగా.

ప్రతి చేప విషయంలో మూడు సంగతులు రాసుకోండి: పెద్దయ్యాక పొడవెంత, గుంపులో ఉంటుందా ఒంటరిగా ఉంటుందా, ఎలాంటి నీళ్ళు కావాలి. ఈ మూడోదాన్ని జనం పట్టించుకోరు. గప్పీ, మాలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ గట్టి నీళ్ళలో, అంటే సున్నం ఎక్కువున్న నీళ్ళలో హాయిగా ఉంటాయి. నియాన్ టెట్రా, కార్డినల్ టెట్రా అమెజాన్ ప్రాంతపు మెత్తని నీళ్ళ చేపలు. మీ కెటిల్‌లో తెల్లని పొర దట్టంగా పేరుకుంటోందంటే మీవి గట్టి నీళ్ళు. అప్పుడు నియాన్ మీద మోజు కాసేపు పక్కనపెట్టి గప్పీల వైపు చూడండి. నీళ్ళను చేపకు తగ్గట్టు మార్చడం కంటే నీళ్ళకు తగిన చేపను తెచ్చుకోవడం ఎప్పుడూ సులువు.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది 60 సెంటీమీటర్ల ట్యాంకు. అందులో ఈ మూడింటిలో ఏదో ఒక ఏర్పాటు చేసుకోవచ్చు. గట్టి నీళ్ళయితే ఎనిమిది మగ గప్పీలు, కొన్ని నత్తలు. మెత్తని నీళ్ళయితే పది ఎంబర్ టెట్రాలు లేదా ఎనిమిది నియాన్లు, అడుగున తిరిగే చిన్న రకం క్యాట్‌ఫిష్ కోరిడోరాస్ ఆరు, కావాలంటే ఒక హనీ గౌరామి. గొడవ లేకుండా ఒక్క చేపే చాలనుకుంటే ఒక మగ బెట్టా, దానికి తోడు నత్తలు. రెండు మగ బెట్టాలను ఒకే ట్యాంకులో వేయకూడదు, చచ్చేదాకా కొట్టుకుంటాయి. బెట్టాను గప్పీలతో కలపడం కూడా వద్దు, వాటి పొడుగు తోకల్ని చూసి ఇంకో బెట్టా అనుకుని మీదపడుతుంది.

టైగర్ బార్బ్ అందమైన చేపే గానీ పక్కవాటి రెక్కల్ని కొరికే అలవాటుంది, ఎనిమిది పది కలిపి వాటికో ట్యాంకు వేరుగా ఇవ్వాలి. ఏంజెల్‌ఫిష్‌కు పొడవు కంటే ఎత్తు ముఖ్యం, 45 సెంటీమీటర్ల లోతైనా ఉండాలి. అది పెద్దయ్యాక నియాన్లను మింగేస్తుంది. ఫ్లవర్‌హార్న్ ఎవరితోనూ కలవదు. ఒళ్ళంతా మెరిసే గులాబీ, ఆకుపచ్చ చారలున్న గాజు చేపలు కనిపిస్తే కొనకండి. అవి సూదితో రంగు ఎక్కించినవి. రంగు కొన్నాళ్ళకు పోతుంది, చాలాసార్లు చేపే ముందు పోతుంది.

ట్యాంకు, దాని చోటు

పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి మూడింటినీ గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 × 30 × 36 ట్యాంకు లెక్కకు 64.8 లీటర్లు. పైన వదిలే ఖాళీ, అడుగున రాళ్ళు తీసేస్తే నిజంగా పట్టేవి 55 లీటర్లు. చిన్న ట్యాంకు తేలికని అనుకుంటారు గానీ వాస్తవం తలకిందులు. పది లీటర్లలో మేత కాస్త ఎక్కువ పడితే మర్నాటికే నీళ్ళు విషమవుతాయి, 55 లీటర్లలో మీకు సర్దుకునే వ్యవధి ఉంటుంది.

బరువును తక్కువ అంచనా వేయకండి. పైన చెప్పిన ట్యాంకులో నీళ్ళు 55 కిలోలు, 6 మిల్లీమీటర్ల అద్దం 12 కిలోలు, రాళ్ళు పది పదకొండు కిలోలు. స్టాండు కాకుండానే 80 కిలోలకు దగ్గర. పుస్తకాల అర, టీవీ బల్ల దీనికి పనికిరావు. స్టాండు మీద లెవెల్ పెట్టి చూసి, అడుగు అద్దం నేరుగా ఆనే ట్యాంకయితే కింద థర్మాకోల్ షీటు గానీ ఫోమ్ మ్యాట్ గానీ పరవండి. చిన్న ఇసుక రేణువు మీద బరువంతా పడినా అద్దం పగలొచ్చు.

కిటికీ ఎదురుగా పెట్టొద్దు. ఎండ నేరుగా పడితే పాచి పడుతుంది, నీళ్ళు వేడెక్కుతాయి. ప్లగ్ దగ్గరగా ఉండాలి, కానీ ట్యాంకు కిందే ఉండకూడదు. వైరు ప్లగ్‌లోకి వెళ్ళేముందు కిందికి వంపు తిరిగి మళ్ళీ పైకి వెళ్ళేలా చూడండి. అప్పుడు వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్‌లోకి వెళ్ళదు. కొన్న ట్యాంకును చోటులో పెట్టేముందు బయట గచ్చు మీద నింపి ఒక రోజు ఉంచి, అతుకుల వెంట టిష్యూ కాగితం నడిపి చూడండి. తడి అంటకపోతే లీకు లేనట్టే.

ఏ సామాను అవసరం, ఏది కాదు

ఫిల్టర్ తప్పదు. స్పాంజి ఫిల్టర్, దాన్ని నడిపే ఎయిర్ పంపు చిన్న ట్యాంకులకు బాగా సరిపోతాయి. చవక, పాడయ్యేది తక్కువ, చిన్న చేపపిల్లల్ని లోపలికి లాక్కోదు. చూడ్డానికి అందంగా ఉండదన్న మాట నిజమే, వెనక మొక్కలు పెట్టి దాచేయొచ్చు. ట్యాంకు వెనక వేలాడే హ్యాంగ్ ఆన్ ఫిల్టర్ కొంటే గంటకు ట్యాంకు నీళ్ళన్నిటినీ నాలుగు నుంచి ఆరుసార్లు తిప్పేది చూసుకోండి. మా 55 లీటర్ల ఉదాహరణకు గంటకు 220 నుంచి 330 లీటర్లు. బెట్టా అంత ప్రవాహంలో అలసిపోతుంది, దానికి స్పాంజే మేలు.

ఎయిర్ పంపును నీటిమట్టం కంటే ఎత్తులో ఉంచండి, లేదా గొట్టంలో చెక్ వాల్వ్ పెట్టండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలో వెనక్కి వచ్చి పంపును ముంచేస్తాయి.

హీటర్ మీ ఇంటి వేడిని బట్టి. పైన చెప్పిన ఉష్ణమండలపు చేపలకు 24 నుంచి 27 డిగ్రీలు చాలు. ఏడాది పొడవునా గది అంత వెచ్చగా ఉంటే హీటర్ అక్కర్లేదు, చలికాలంలో రాత్రికి ఐదారు డిగ్రీలు పడిపోతుంటే కావాలి. లీటరుకు ఒక వాట్ లెక్కన కొనండి. నీళ్ళు మార్చేటప్పుడు స్విచ్ ఆపి పావుగంట ఆగాలి, వేడిగా ఉన్న గాజు గొట్టం గాలికి తగిలితే పగులుతుంది. ఎండలు ముదిరి నీళ్ళు 30 దాటుతుంటే నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి.

లైటు టైమర్‌తో రోజుకు 6 నుంచి 8 గంటలు. మూత తప్పనిసరి, డేనియోలూ బెట్టాలూ ఎగిరి బయటపడతాయి. చేపల్ని పట్టే చిన్న వల, రెండు బకెట్లు, నీళ్ళు లాగే సైఫన్ పైపు కూడా కావాలి. ఆ బకెట్లలో సబ్బు ఎప్పుడూ పడకూడదు.

డబ్బు పెట్టాల్సింది టెస్ట్ కిట్ మీద. బుడగలు వదిలే నిధి పెట్టె, రంగుల ప్లాస్టిక్ కోట కొనేముందు అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) చూపించే చుక్కల కిట్ కొనండి. కాగితపు పట్టీల కంటే చుక్కలవే నమ్మదగినవి.

రాళ్ళు, కర్ర, మొక్కలు

రెండు నుంచి ఐదు మిల్లీమీటర్ల గులకరాళ్ళు మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన పరవండి, వెనక వైపు కాస్త ఎత్తుగా. కోరిడోరాస్ వేసేవాళ్ళు మెత్తని ఇసుక వాడాలి. అవి మీసాలతో అడుగంతా కెలుకుతాయి, పదునైన రాళ్ళకు మీసాలు అరిగిపోతాయి. ఏదైనా సరే నీళ్ళు తేటగా వచ్చేదాకా బకెట్‌లో కడగాలి. బయట ఏరుకొచ్చిన రాయి మీద రెండు చుక్కల వెనిగర్ వేయండి. బుస్సుమని నురగొస్తే అందులో సున్నం ఉన్నట్టు, అది నీళ్ళను గట్టిపరుస్తుంది. కర్ర దుంగను వారం పది రోజులు నానబెడితే మునుగుతుంది, నీళ్ళు టీ రంగుకు తిరగడం కూడా తగ్గుతుంది. ఆ రంగు వల్ల చేపలకు హాని లేదు.

మొక్కలు ప్లాస్టిక్‌వి వద్దు, ప్రాణమున్నవే పెట్టండి. అవి అమ్మోనియాను, నైట్రేట్‌ను నేరుగా పీల్చుకుంటాయి. తక్కువ వెలుతురులో, ప్రత్యేక గ్యాసు ఏమీ లేకుండా బతికేవి చాలా ఉన్నాయి: అనుబియాస్, జావా ఫెర్న్, జావా మాస్, వాలిస్నేరియా, క్రిప్టోకోరిన్, హార్న్‌వర్ట్. అనుబియాస్, జావా ఫెర్న్‌ల అడ్డ కాండాన్ని ఇసుకలో పూడ్చొద్దు, కుళ్ళిపోతుంది. దారంతో కర్రకో రాయికో కట్టేస్తే వేళ్ళు అవే పట్టుకుంటాయి. క్రిప్టోకోరిన్ నాటిన వారానికి ఆకులన్నీ కరిగిపోతే పీకి పారేయకండి, వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది.

నీళ్ళు నింపడం

అడుగున ఒక పళ్ళెం పెట్టి దాని మీద పోస్తే ఇసుక చెదరదు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటే అది చేపల మొప్పల్ని కాలుస్తుంది, నీళ్ళు విషం కాకుండా కాపాడే బాక్టీరియానూ చంపుతుంది. బకెట్‌లో ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ అనే రసాయనం కలిపే చోట అలా పోదు. ఏది కలుపుతున్నారో తెలియకపోతే యాంటీ క్లోరిన్ మందు వాడితే టెన్షన్ ఉండదు, కాకపోతే సీసా మీద క్లోరమైన్‌కు కూడా పనిచేస్తుందని రాసుందో లేదో చూసుకోండి. ఆర్వో నీళ్ళు ఒట్టివి పోయొద్దు, అందులో చేపకు కావాల్సిన ఖనిజాలు ఉండవు.

ఫిల్టర్ ఆన్ చేయండి. ఇక ఆపకూడదు, రాత్రిళ్ళు కూడా.

చేపలు లేని నెల

అసలు కథ ఇక్కడే. చేప మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతుంది. మిగిలిన మేత, పెంట కుళ్ళినా అమ్మోనియానే. అది విషం. ప్రకృతిలో దాన్ని కొన్ని బాక్టీరియా తిని నైట్రైట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి, వారం వారం నీళ్ళు మార్చి మనం దాన్ని బయటికి పంపేస్తాం. ఈ బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిని, రాళ్ళను అంటుకుని బతుకుతాయి, నీళ్ళలో తేలేవి తక్కువ. అవి నెమ్మదిగా పెరిగే రకం కాబట్టే నెల రోజుల నిరీక్షణ.

లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో తన ప్రయోగాన్ని ప్రచురించాడు: గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా మొక్క. ఆకులు కుళ్ళి నీళ్ళు పాడవుతుంటే నత్తల్ని వేశాడు, సమతూకం కుదిరింది. మొక్కలు, నత్తలు అన్నీ కంటికి కనిపించేవే. కనిపించకుండా సగం పని చేసిపెట్టిన బాక్టీరియా సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. వాటిని వేరుచేసి చూపించింది 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాద్‌స్కీ. అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా రెండు దశల్నీ ఒక్కటే చేసే బాక్టీరియా ఉన్నాయని బయటపడిందైతే 2015లోనే.

ఈ బాక్టీరియాను పెంచాలంటే వాటికి తిండి పెట్టాలి. చేపలు లేవు కాబట్టి అమ్మోనియాను మనమే వేయాలి. అమ్మోనియం క్లోరైడ్ 7 గ్రాములు 200 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి సీసాలో పోసి పెట్టుకోండి, పైన పేరు రాసి, పిల్లలకు అందని చోట. ఆ ద్రావణం 10 మిల్లీలీటర్లు వేస్తే 55 లీటర్ల ట్యాంకులో అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది. అదే మన కొలత. అమ్మోనియం క్లోరైడ్ దొరక్కపోతే రోజూ చిటికెడు చేపల మేత వేసి కుళ్ళనివ్వడం పాత పద్ధతి. పని జరుగుతుంది గానీ వాసన వస్తుంది, కొలతా అందదు.

రెండు రోజులకోసారి పరీక్ష చేయండి. గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్ళు తీసి చుక్కలు వేసి, చెప్పినన్ని నిమిషాలు ఆగి, తెల్ల కాగితం ముందు పెట్టి పగటి వెలుతురులో రంగు పోల్చాలి. అమ్మోనియా లేకపోతే చాలా కిట్లలో పసుపుగానే ఉంటుంది, పెరిగేకొద్దీ ఆకుపచ్చకు తిరుగుతుంది. నైట్రేట్ పరీక్షలో రెండో సీసా మందు అడుగున పేరుకుంటుంది. దాన్ని అర నిమిషం గట్టిగా కుదిపి వేయకపోతే ఎంత నైట్రేట్ ఉన్నా తక్కువే చూపిస్తుంది.

మొదటి వారం పది రోజులు అమ్మోనియా కదలదు. తర్వాత తగ్గుతూ, నైట్రైట్ పైకి లేస్తుంది. నైట్రైట్ దశ అన్నిటికంటే విసుగు, రెండు మూడు వారాలు పరీక్షలో అలాగే ఊదా రంగులో కూర్చుంటుంది. అమ్మోనియా సున్నాకు వచ్చినప్పుడల్లా మళ్ళీ వేయండి, నైట్రైట్ మరీ ఎక్కువైతే సగం మోతాదు. హఠాత్తుగా ఒక రోజు నైట్రైట్ కూడా పడిపోతుంది. 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వేసిన 24 గంటలకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంకు తయారైనట్టు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు.

మధ్యలో ఎక్కడైనా ఆగిపోయినట్టుంటే పీహెచ్ చూడండి. ఈ పనిలో నీటిలోని క్షారగుణం ఖర్చవుతుంది. మెత్తని నీళ్ళలో పీహెచ్ 6.5 కంటే కిందికి జారితే బాక్టీరియా పని మందగిస్తుంది. కొన్ని నీళ్ళు మార్చినా, చిటికెడు వంటసోడా కలిపినా మళ్ళీ కదులుతుంది. మొదటి వారంలో నీళ్ళు పాలలా తెల్లబడితే కంగారుపడి అన్నీ పారబోయకండి, నాలుగైదు రోజుల్లో అదే తేటబడుతుంది.

తొందరగా కావాలంటే నిజంగా పనిచేసే దగ్గరిదారి ఒకటే: ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకు నుంచి ఒక స్పాంజి ముక్క తెచ్చి, దారిలో ఆరనివ్వకుండా మీ ఫిల్టర్‌లో పెట్టడం. వారం పది రోజుల్లో ముగుస్తుంది. సీసాల్లో అమ్మే బాక్టీరియా కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు లేదు. వాడినా పరీక్ష మానకండి.

చేపల్ని తీసుకురావడం

ముందురోజు 70, 80 శాతం నీళ్ళు మార్చండి, పేరుకున్న నైట్రేట్ పోతుంది. షాపులో కాసేపు నిలబడి చూడండి. రెక్కలు ముడుచుకుని మూల నక్కినవి, అడుగున రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటున్నవి, ఒంటి మీద తెల్ల చుక్కలున్నవి, కడుపు లోపలికి పోయినవి వద్దు. అదే ట్యాంకులో చచ్చిన చేప ఒకటి కనిపించినా ఆ రోజుకు ఆ ట్యాంకులో ఏదీ కొనకండి. మేత వేసి చూపించమని అడగండి, ఎగబడి తినే చేప ఆరోగ్యమైనది.

ఇంటికొచ్చాక లైటు ఆపి, సంచి మూతి విప్పకుండా ట్యాంకులో పావుగంట తేలనివ్వండి. తర్వాత విప్పి, ఐదు నిమిషాలకోసారి అరకప్పు ట్యాంకు నీళ్ళు నాలుగైదుసార్లు పోసి, వలతో చేపను తీసి వదలండి. సంచి నీళ్ళు ట్యాంకులో పోయకూడదు. దూరం నుంచి గంటల తరబడి సంచిలో వచ్చిన చేపకు ఈ పద్ధతి మారుతుంది. చేప ఊపిరిలో వదిలిన కార్బన్ డయాక్సైడ్ వాయువు వల్ల సంచిలో పీహెచ్ తగ్గి ఉంటుంది, అందుకే అక్కడున్న అమ్మోనియా అంతగా కుట్టదు. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8 దగ్గర ఐదు వంతులు దాటుతుంది. మూతి విప్పగానే వాయువు పోయి పీహెచ్ లేస్తుంది, ఉన్న అమ్మోనియా విషమవుతుంది. అలాంటి చేపల్ని సంచి నీళ్ళ వేడి ట్యాంకు నీళ్ళతో సమానమయ్యాక ఆలస్యం చేయకుండా ట్యాంకులోకి మార్చేయాలి.

అన్నీ ఒకేసారి వద్దు. మొదట గుంపు చేపలు సగం, రెండు వారాలు ఆగి మిగతావి, ఆఖరున గౌరామి లాంటి ఒంటరి చేప. రెండోసారి నుంచి వచ్చేవాటిని చిన్న టబ్బులో స్పాంజి ఫిల్టర్ పెట్టి రెండు మూడు వారాలు విడిగా ఉంచితే రోగాలు లోపలికి రావు. ఈ ఒక్క పని చేసేవాళ్ళు తక్కువ, మందుల సీసాలు కొనేవాళ్ళు ఎక్కువ.

మేత, వారం వారం పని

రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. నియాన్ కడుపు దాని కంటి కంటే పెద్దదేమీ కాదు. చేప ఎప్పుడూ ఆకలిగానే నటిస్తుంది, నమ్మకండి. వారంలో ఒక రోజు ఏమీ పెట్టకపోయినా ఏమీ కాదు. ఇంట్లో మేత వేసే బాధ్యత ఒక్కరికే అప్పగించండి, లేకపోతే ముగ్గురూ వేస్తారు.

వారానికోసారి నాలుగో వంతు నీళ్ళు మార్చాలి. సైఫన్ పైపును రాళ్ళలోకి గుచ్చి అడుగున ఉన్న మడ్డిని లాగేయండి. కొత్త నీళ్ళు దాదాపు అదే వేడిలో ఉండాలి, చెయ్యి పెట్టి చూస్తే తేడా తెలియకూడదు. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే మంచిది, 40 దాటుతోందంటే చేపలు ఎక్కువో మేత ఎక్కువో అయినట్టు.

ఫిల్టర్ స్పాంజిని నెలకోసారి, ట్యాంకులోంచి తీసిన పాత నీళ్ళ బకెట్‌లోనే రెండు మూడుసార్లు పిండండి. గోధుమ రంగు బురద వస్తుంది, అంతటితో చాలు. కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా తోమితే నెలన్నర కష్టం కాలవలో కలుస్తుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, చేపల్ని బకెట్‌లో వేసి, రాళ్ళు సబ్బుతో కడిగే 'పెద్ద శుభ్రం' ఎప్పటికీ చేయొద్దు.

తేడా వస్తే

చేపలన్నీ పైకొచ్చి నోరు తెరుచుకుంటుంటే మందు కోసం పరిగెత్తకండి. ముందు అమ్మోనియా, నైట్రైట్ చూడండి, ఎయిర్ పంపు నడుస్తోందా చూడండి, సగం నీళ్ళు మార్చండి. నైట్రైట్ కనిపిస్తే పది లీటర్లకు ఒక గ్రాము ఉప్పు కలపండి, అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోకి పోనివ్వదు. బెట్టా, గౌరామి పైకొచ్చి గాలి పీల్చడం మాత్రం వాటి సహజ లక్షణం.

ఒళ్ళంతా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలుంటే అది ఇక్ అనే పరాన్నజీవి జబ్బు. చుక్క చేప చర్మం లోపల ఉన్నంతకాలం దానికి ఏ మందూ తగలదు. అది రాలి అడుగున పగిలి, కొత్త క్రిములు ఇంకో చేప కోసం ఈదుకుంటూ తిరిగే ఆ కాసేపే మందు పనిచేస్తుంది. అందుకే చుక్కలు పోయాక కూడా సీసా మీద చెప్పిన రోజులన్నీ మందు వేయాలి. వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30కి పెంచితే ఆ చక్రం త్వరగా తిరిగిపోతుంది. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి గాలి ఎక్కువగా ఇవ్వండి. రొయ్యలు, నత్తలున్న ట్యాంకులో రాగి కలిసిన మందు వేస్తే అవి చస్తాయి.

అద్దం మీద గోధుమ రంగు పొర కొత్త ట్యాంకులన్నిటికీ వస్తుంది, తుడిస్తే చాలు. ఆకుపచ్చ పాచి ఎక్కువైతే లైటు ఆరు గంటలకు తగ్గించండి, మేత తగ్గించండి.

ఊరెళ్ళేటప్పుడు, చేపలకు పిల్లలు పుట్టినప్పుడు

ఎదిగిన ఆరోగ్యమైన చేపలు వారం రోజులు మేత లేకుండా ఉండగలవు. అంతకు మించి వెళ్తుంటే పక్కింటివాళ్ళకు మేత డబ్బా ఇచ్చి వెళ్ళొద్దు, చిన్న పొట్లాలు కట్టి రెండు రోజులకొక పొట్లం వేయమనండి. వెళ్ళే రోజు నీళ్ళు మార్చండి, ఫిల్టర్ మాత్రం ముట్టుకోకండి.

ఆడ గప్పీ ఒక్కటి తెచ్చినా నెలకోసారి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. మగచేప వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకోగలదు కాబట్టి మగది లేకపోయినా ఆగదు. అందుకే ముందే మగవాటినే తెచ్చుకోమన్నాను. పిల్లలు ఎక్కువైతే, లేదా ప్లెకో ట్యాంకు పట్టనంత ఎదిగితే, వాటిని చెరువులోనో కాలవలోనో వదలకండి. ఇళ్ళ నుంచి, చేపల ఫారాల నుంచి బయటపడిన ప్లెకోలు చాలా దేశాల నదుల్లో, చెరువుల్లో స్థిరపడి అక్కడి చేపల తిండిని, గుడ్లు పెట్టే చోట్లను ఆక్రమించాయి. కొన్న షాపులో తిరిగి తీసుకుంటారేమో అడగండి, లేదా వాటికి సరిపోయే పెద్ద ట్యాంకున్న ఇంకో పెంపకందారుకు ఇవ్వండి. ట్యాంకులో పెరిగిన మొక్కల ముక్కల్ని కూడా కాలవలో పారేయకుండా ఎండబెట్టి చెత్తలో వేయండి.